తొమ్మిదవ ఎక్కము వచ్చిన రేడియో



రోహిణీ కార్తెలో రాజమహేంద్రవరమున ప్రొద్దెక్కిన పిమ్మట పనిలేక వీధిలోనికి వచ్చు మనుష్యుడుండడు. కావున మా మేనల్లుడు తన రెండు సీట్ల కారుకు గాలి చూపింపదలచినపుడెల్ల, కాకులు లేవక మున్నే నన్ను లేపి, ప్రక్కసీటులో కూర్చుండబెట్టి, ధవళేశ్వరము మీదుగా కాలువగట్టు పట్టుకొని కడియము దాకా తీసికొనిపోవుట ఆచారముగా పెట్టుకొన్నాడు. ఆ కారుకు పైకప్పు గుడ్డది. దానిని వెనుకకు మడిచినచో, ఒక ప్రక్కనుండి కాలువనీటి చల్లదనమును, వేరొక ప్రక్కనుండి కడియపులంక నర్సరీలలో అప్పుడే తడిసిన మొక్కల పచ్చివాసనయు ఏ అద్దము అడ్డులేక నేరుగా ముఖమునకు తగులును. అట్టి ప్రయాణమునకు కొరవడినది ఒక్కటే: ఆ బండిలోని స్టీరియో మూగది.

రేడియోలో కూర్చుండి రేడియోను గూర్చియే మాటలాడుట కుమ్మరివీధిలో కుండలమ్మబోవుట వంటిదని నేనెరుగుదును. ఐనను, చిరకాలము కళాశాలలో పాఠములు చెప్పి, యంత్రమనగా గడియారమునకు కీ ఇచ్చుటకంటె ఎక్కువ తెలియని నావంటివానికి, ఒక పాత కారులోని ఇటుకంత పెట్టె రెండు నెలలపాటు చేసిన ఉపదేశము ఇంత అంత కాదు. దానిని ఒక్కడనే దాచుకొనుట న్యాయముగా తోచక మీ యెదుట పెట్టుచున్నాను.

ముందుగా ఆ బండి కులగోత్రములు. అది జపాను దేశమున, ఆ దేశపు వాడకమునకే, 1990 ప్రాంతమున తయారైనది. వారును మనవలెనే రోడ్డుకు ఎడమప్రక్కన నడచువారగుటచేత స్టీరింగు కుడివైపుననే యున్నది. విదేశమున చిరకాలముండి తిరిగివచ్చిన యొక యజమాని సామానుతోపాటు ఓడ దిగి, చెన్నపట్టణమున ఇద్దరి చేతులు మారి, తుదకు మావాని పాలబడినది. చేసినవారి పేరు చెప్పను. ముప్పది వత్సరములు గడచిన పిమ్మట ఏ యంత్రమైనను మూలుగుట సహజము గనుక అందుకు పుట్టింటివారిని నిందించుట మర్యాద గాదు. నేలను రాచుకొనుచున్నట్లు అంత క్రిందుగా కూర్చున్న ఆ బండి, మన పల్లెలలో స్పీడు బ్రేకరు కనబడినంతనే, నిండుచూలాలివలె అడ్డముగా తిరిగి, ఒక్కొక్క చక్రమునే ఎక్కించి దింపుకొనుచు పోవును.

దానితోపాటు ఫ్యాక్టరీలోనే అమర్చి పంపిన స్టీరియోకు నల్లని ముఖము, ఆకుపచ్చని అంకెలు, క్యాసెట్టు మ్రింగు నోరు, దాని క్రింద ఆరు మీటలు ఉన్నవి. తాళము త్రిప్పినచో అంకెలు వెలుగును గాని శబ్దము లేదు. ఒక్కొక్కమారు స్పీకర్లలో ఆవులించినట్లొక ధ్వని వచ్చి ఆగిపోవును.

“మావయ్యా, దీన్ని పీకేసి కొత్తది పెట్టిస్తే గంట పని. బ్లూటూత్ ఉంటుంది, సెల్లులో పాటలన్నీ వస్తాయి” అన్నాడు మావాడు.

“ఒరేయ్, ఇంట్లో పెద్దాయనకి మాట పడిపోతే వైద్యుణ్ణి పిలుస్తాం గానీ, ఇంకో పెద్దాయన్ని తెచ్చి మంచమ్మీద పడుకోబెడతామట్రా?” అన్నాను. ఈ మాటకు వాడు నవ్వినాడు. నవ్వినవాడు సగము ఒప్పుకొన్నట్లే.

వైద్యమునకు ముందు రోగి వంశచరిత్ర కొంత. కారులో రేడియో పెట్టవలెనను బుద్ధి మనుష్యునకు కారు పుట్టిన కొలదికాలమునకే పుట్టినదిగాని, దానిని బజారులో అమ్ముడుపోవు వస్తువుగా చేసినవారు 1930లో అమెరికాయందలి గాల్విన్ సోదరులు. మోటారు అను మాటకు అప్పటి గ్రామఫోనుల పేళ్ల తోక నొకదానిని తగిలించి వారు పెట్టిన మోటరోలా అను పేరే తరువాత సంస్థ పేరైనది. ఆనాటి రేడియోలలో వాల్వులుండెడివి. బ్యాటరీ ఇచ్చు 6 వోల్టులు వానికి ఆపోశనమునకైనను చాలవు; 200 వోల్టులకు పైమాట కావలెను. అందుకై వైబ్రేటరు అను చిన్నసాధనము సెకనుకు నూరుమార్లకు పైగా కొట్టుకొనుచు, సూటిగా పారు విద్యుత్తును తునకలు చేసి ట్రాన్స్‌ఫార్మరునకు అందించుచుండెడిది. సంగీతము వెనుక దాని తుమ్మెదరొద తంబురాశ్రుతివలె ఎప్పుడును ఉండవలసినదే. 1955లో ట్రాన్సిస్టరులు వచ్చి ఆ రొదను మాన్పినవి. ఆ మరుసటి సంవత్సరమే క్రైస్లరువారు నిమిషమునకు 16 చుట్లకు కొంచెమెక్కుడుగా తిరుగు గ్రామఫోను రికార్డును కారులోనే వాయించు నేర్పాటు చేసిరి. మన కోటిపల్లి రోడ్డుమీద అది ఒక చరణమైనను సాంతముగా పాడగలిగి యుండెడిదా యని నాకు సందేహము. 1963లో ఫిలిప్సువారు చిన్న క్యాసెట్టును లోకమునకిచ్చిరి; గతుకుల దారికి తగిన పాటపెట్టె అదియే యైనది.

ఈలోగా తెలుగు మాట గాలిలో ప్రయాణము చేయుట నేర్చుకొన్నది. 1938 జూన్ 16వ తేదీన చెన్నపట్టణమునను, 1948 డిసెంబరు 1వ తేదీన బెజవాడలోను కేంద్రములు వెలసినవి. మన నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావుగారివంటివారు ఆ గాలికి బాణీలు కట్టినారు. డెల్టాలో కారుండిన కొలదిమంది పెద్దల యిండ్లలో, సాయంకాలము బండిని అరుగు ప్రక్కకు తెచ్చి తలుపులు తెరచిపెట్టి, వీధివారందరును కచేరీ వినుట నా బాల్యమున నేను కన్నులార చూచిన ముచ్చట. ఆ రోజులలో రేడియోకు లైసెన్సుండెడిది. పోస్టాఫీసులో రుసుము కట్టి పుస్తకముపై ముద్ర వేయించుకొనవలెను. పాట వినుటకు సర్కారు అనుమతి యేమిటని మా తాతగారు కట్టినప్పుడెల్ల సణుగుకొనెడివారు.

ఇక అసలు కథ. జాంపేట సందులో నాకెరుకైన వృద్ధ రేడియో మెకానిక్కు ఒకరున్నారు. ఆయన దుకాణములో మనిషి కూర్చుండు చోటు తప్ప తక్కినదంతయు ప్రాణము పోయిన పెట్టెలే. మావాని స్టీరియోను బల్లపై పెట్టి, నాలుగు మరలు తీసి, పైరేకు ఎత్తినంతనే ఆయన ముక్కు దగ్గరకు చేర్చుకొని నావంక చూచినారు.

“ఆయ్, బాబుగారూ, ఓసారి వాసన చూడండి.”

చూచితిని. చేపల వాసన! నేను శాకాహారిని; ముఖము చిట్లించుకొంటిని.

“పులసనుకుంటన్నారాండీ? కండెన్సరండి. ఆ రోజుల్లో కొన్నిట్లో పోసిన మందు కారిందంటే ఇదే వాసనండి. దీనికి సీజనంటూ లేదండి” అన్నారాయన.

ఆయన చెప్పినదానిని నా మాటలలో చెప్పుచున్నాను. ఆ పెట్టెలో చిటికెనవ్రేలి గోరంతటి డబ్బాలు పదులకొలది ఉన్నవి. వానికి శాస్త్రమున కెపాసిటరని పేరైనను బజారులో అందరికిని కండెన్సర్లే. ప్రవాహములోని ఒడుదుడుకులను పీల్చుకొని, వలసినప్పుడు వదలుచు, చెరువు కాలువకు చేయు ఉపకారము వంటిది చేయుట వాని పని. వాని లోపల తడిగా నుండు ద్రవము కాలక్రమమున ఎండును, లేదా అడుగునున్న రబ్బరు బిరడాను దాటి బయటికి కారును. కారినది ఊరకుండక పలకమీది రాగిగీతలను చెదపురుగువలె కొరికివేయును. వేడి పదేసి డిగ్రీలు హెచ్చినకొలది వాని ఆయువు సగమగుచుండునని ఆ వృత్తివారి లెక్క. ఇపుడు ఆలోచింపుడు: రాజమహేంద్రవరపు మే నెల ఎండలో, అద్దములు బిగించి నిలిపిన కారు లోపల, నల్లని డాష్‌బోర్డు వెనుక, గాలియాడని గూటిలో ఆ పెట్టె ఎన్ని వేసవులు కాగినదో! చల్లని దేశపు వాతావరణమున నలుబది యేండ్లు బ్రతుకదగిన వస్తువు మనకడ ఇరువదికే ముదుసలి యగుటలో ఆశ్చర్యమేమున్నది?

ఆయన పాతవానినన్నిటిని ఊడదీసి, 85 డిగ్రీలు ఓర్చువాని స్థానమున 105 డిగ్రీలు ఓర్చువానిని పెట్టినారు. కారిన మడ్డిని స్పిరిటులో ముంచిన పళ్లకుంచెతో తోమినారు. తెగిన రాగిగీతలకు వెండ్రుకవంటి తీగెను వంతెనగా వేసి సోల్డరు చేసినారు. ఇదంతయు మూడు మాటలలో ముగించితిని గాని ఆయనకు పదునొకండు దినములు పట్టినది. అందులో నాలుగు దినములు కరెంటు లేదు, రెండు దినములు ఆయన మనుమరాలి బారసాల.

క్యాసెట్టు భాగము వేరొక కథ. మోటారునుండి చక్రమునకు కదలికనందించు సన్నని రబ్బరు బెల్టు కరగి, గట్టిపడక, ఎండిపోక, తాకినచో చేతికంటుకొను నల్లని బంకయై కూర్చున్నది. “తాపేశ్వరం కాజాలో పాకమైనా ఇంత బాగా కుదరదండి” అని ఆయన మెచ్చుకొన్నారు. దానిని వదలింపనిదే క్రొత్త బెల్టు నిలువదు. అందుకు మరల స్పిరిటు, మరల గుడ్డ, మరల ఓపిక. క్రొత్త బెల్టునకు చుట్టుకొలత సరిపోవలెను. బిగువైనచో మోటారు బేరింగు అరుగును, వదులైనచో పాట ఊగులాడును. క్యాసెట్టు టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడువవలెనని నియమము. ఆ వేగమును సరిచేయుటకు మోటారు వీపున సూదిమొన పట్టునంత రంధ్రములో ఒక మరయున్నది. ఆయన ఏ కొలతపరికరమును తీయక, ఘంటసాలవారి పాత క్యాసెట్టు నొకటి పెట్టి, కన్నులు మూసికొని ఆ మరను అటునిటు త్రిప్పినారు. “ఆయన గొంతు నాకు తెలీదాండీ? కాస్త తొందరైతే కుర్రోడైపోతారు, నెమ్మదైతే జలుబు చేసినట్టుంటారు” అన్నారు.

టేపు తాకు హెడ్డు ప్రక్కన వేరొక మర కలదు. హెడ్డు టేపునకు సరిగా నిలువుగా నున్నదో లేదో దానితో దిద్దవలెను. వెండ్రుకవాసి వాలినను సన్నని ధ్వనులన్నియు ముసుగుపడిపోవును. ఇచట మాత్రము ఆయన నా సాయము కోరినారు. పద్యముల క్యాసెట్టు నొకటి పెట్టి, “బాబుగారూ, తమరు తెలుగు చెప్పినోరు కదండీ, శ, ష, స మూడూ మూడులాగా వినపడినప్పుడు చెప్పండి, ఆపేస్తాను” అన్నారు. తరగతిలో ఎన్ని బ్యాచీలచేత పలికింపలేక నేను విసిగితినో, ఆ మూడక్షరముల భేదము ఒక మర చుట్టులో నాలుగవ వంతుతో తేలిపోయినది.

ఇట్లు ఇచట వైద్యము సాగుచుండగా మావానికి సహనము తీరినది. అమెరికాలోని స్నేహితునిచేత ఒక క్రొత్త స్టీరియోను తెప్పించి, నాతో చెప్పకయే వేరొక ఊరిలో బిగింపించుకొని వచ్చినాడు. నాకు కోపము రాలేదనను. ఐనను క్రొత్తవస్తువు వచ్చినపుడు దానిని చూడకుండ ఉండుటయు కష్టమే.

ఈ పెట్టెలకు లోకమంతటను ఒప్పుకొన్న కొలత కలదు. ముఖము 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. జర్మనులు ఏర్పరచిన ప్రమాణమగుటచే దానిని డిన్ అందురు. జపానువారు తమ బండ్లలో దానికి రెట్టింపు ఎత్తు, అనగా 100 మిల్లీమీటర్లు, విడిచియుంచిరి. కావున మావాని బండిలో క్రొత్తది అమర్చిన పిమ్మట క్రింద సగము గూడు ఖాళీగా మిగిలినది. అందులో ప్లాస్టిక్కు అర నొకటి బిగించి టోలుగేటు చీటీలు పెట్టుకొన్నాడు. తీగెల రంగులకును ఇంచుమించు ఒక సంప్రదాయమున్నది: ఎల్లప్పుడు బ్యాటరీతో కలిసియుండి జ్ఞాపకమును కాపాడునది పసుపు, తాళము త్రిప్పినపుడు మాత్రమే ప్రాణము పోసికొనునది ఎరుపు, నేలకు పోవునది నలుపు, ఏరియలు మోటారును లేపునది నీలము, స్పీకర్లకు తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా రంగులలో జంటలు, ఆ జంటలో నల్లగీత యున్నది ఋణము. ఇది తెలిసినవాడు బండి తీగెలను త్రుంపడు. మధ్య ఒక జోడింపు పిన్నును వేసి రెండు ప్రక్కలను కలుపును. ఆ ఊరి కుర్రవాడు కత్తెరతో కత్తిరించి, మెలివేసి, నల్లటేపు చుట్టినాడు. అంతటితో ఆగినను బాగుండెడిది. తీగె పొదుపు చేయనెంచి స్పీకర్ల ఋణతీగెలను బండి రేకునకే తగిలించినాడు.

పూర్వపు రేడియోలలో అట్లు చెల్లెడిది. ఈ కాలపు పెట్టెలలో స్పీకరుయొక్క రెండు తీగెలను రెండు ఆంప్లిఫయర్లు చెరియొక ప్రక్కనుండి లాగుచుండును. ఏ తీగెయు నేలను తాకరాదు. తాకినచో పెట్టె తన్నుతాను రక్షించుకొనుటకు మౌనము వహించును, లేదా దగ్ధమగును. మావాని అదృష్టమున అది మౌనము వహించినది. పెట్టెమీద 50 వాట్లు నాలుగు అని అచ్చువేసిన పెద్ద అక్షరములు మాత్రము వెలుగుచునే యున్నవి. ఆ అక్షరముల సంగతి కూడ చెప్పవలెను. బ్యాటరీ 12 వోల్టులు, స్పీకరు 4 ఓములు. రెండు ప్రక్కలనుండి లాగినను, ఒక్కొక్క స్పీకరునకు వికారములేని ధ్వని సుమారు 18 వాట్లు. ఇంజను నడుచుచు వోల్టేజి 14.4కు చేరినపుడు 26. దానికి మించినదంతయు క్షణకాలపు ఉద్రేకమును కొలిచి వ్రాసికొన్న బిరుదము. మన సభలలో శాలువలు కప్పునపుడు చదువు బిరుదములవలె దానిని విని ఊరకుండవలెను.

జాంపేట పెద్దాయన ఆ తీగెలు సరిచేయగా క్రొత్త పెట్టె మాటలాడినది. సెల్లులోని పాటలు పాడినది. తెల్లవారి ధవళేశ్వరము దారిలో నేను, “ఒరేయ్, విజయవాడ పెట్టరా, భక్తిరంజని టైమైంది” అన్నాను. వాడు మీట నొక్కినాడు. అంకెలు 820, 830, 840 అని గెంతినవి. 840 దగ్గర ఎవరో గొంతులో బఠాణీ పెట్టుకొని త్యాగరాజకృతి పాడుచున్నట్లు వినబడినది. 830 దగ్గర వట్టి గాలి. విజయవాడ లేదు! అదే పోకడను విశాఖపట్టణమునకై చూచితిమి, అదియు బొంగురే.

ఆ రహస్యము విప్పుటకు నాకు ఒక దినము పట్టినది. విప్పిన పిమ్మట గణితాచార్యులెవరైనను నన్ను అల్లునిగా చేసికొందురేమో యన్నంత గర్వము కలిగినది. విజయవాడ 837 కిలోహెర్ట్జులు. విశాఖపట్టణము 927. హైదరాబాదు 738. ఆ అంకెలను కూడి చూడుడు: ఎనిమిది, మూడు, ఏడు, మొత్తము పదునెనిమిది. తొమ్మిది, రెండు, ఏడు, పదునెనిమిది. ఏడు, మూడు, ఎనిమిది, మరల పదునెనిమిదియే! మూడును తొమ్మిదవ ఎక్కములోనివి. ఇది కాకతాళీయము గాదు. అమెరికాఖండములు తప్ప తక్కిన లోకమంతయు 1975లో జెనీవాలో కూడి చేసికొన్న ఒడంబడిక ననుసరించి, 1978 నవంబరునుండి మధ్యతరంగముల కేంద్రములను తొమ్మిదేసి కిలోహెర్ట్జుల ఎడముతో పేర్చినారు. అమెరికావారు మాత్రము పదేసి ఎడమునే ఉంచుకొన్నారు. కావున అక్కడి రేడియో పదవ ఎక్కము మాత్రమే చదివినది. 830 తరువాత 840 అనును గాని నడుమ 837 అను సంఖ్య యొకటి కలదని దానికి ఎవరును చెప్పలేదు. పాతకాలపు గుండ్రని నాబును త్రిప్పు రేడియోకు ఈ చిక్కు లేదు. అది లెక్క తెలియనిది గనుక ఎక్కడనైనను ఆగును.

జపానువారిది మన లెక్కయే. కావున జాంపేటలో బల్లమీద ప్రాణము పోసికొనుచున్న ఆ పాత స్టీరియో 837ను తడుముకొనకయే పట్టగలదు. ఐతే దానికిని ఒక లోపమున్నది, చెప్పకపోయినచో పక్షపాతమగును. ఎఫ్.ఎం.లో జపానువారు ఆనాడు 76 నుండి 90 మెగాహెర్ట్జుల వరకే వాడిరి. ఆ పైభాగమును వారు టెలివిజనుకు ఇచ్చినారు. మనవారు 88 నుండి 108 వరకు వాడుదురు. రెండింటికిని ఉమ్మడి రెండు మెగాహెర్ట్జులే. ఏరియలు తీగెకు నడుమ తగిలించి, మన తరంగములను వారి హద్దులోనికి దింపు చిన్న డబ్బా దొరకునుగాని, అప్పుడు తెరమీది అంకె యొకటి, వినవచ్చు కేంద్రము వేరొకటి. పెద్దాయన దానిని పెట్టుదునన్నారు, నేను వలదన్నాను. అబద్ధపు అంకెను చూచుచు పాట వినుట నాకు పట్టదు.

మావాడు బ్లూటూత్ విడువడు, నేను విజయవాడ విడువను. ఇద్దరి తగవును పెద్దాయన తీర్చినారు. పాత స్టీరియో లోపల, క్యాసెట్టునుండి శబ్దము వాల్యూం కంట్రోలునకు చేరు దారిలో, అగ్గిపెట్టెలో సగమంతటి బ్లూటూత్ పలకను చేర్చినారు. బయటికేమియు కనబడదు. ఖాళీ క్యాసెట్టు నొకటి త్రోసినచో, అది టేపు పాడుచున్నాననుకొని మావాని సెల్లును పాడును. మోసమే, ఐనను ఇంటిలోని వృద్ధునిచేత పంచాంగము చదివించుచు నడుమ మనుమనిచేత ఒక మాట చెప్పించుటవంటిది.

తలుపులలోని స్పీకర్లు తీసి చూడగా కాగితపు కోనులు బాగుగనే యున్నవి. వాని చుట్టునుండు స్పంజి అంచు మాత్రము ముట్టినంతనే పొడియై రాలినది. క్రొత్త రబ్బరు అంచులు అంటించినారు. తలుపు రేకు వెనుకనుండు ప్లాస్టిక్కు పొరను వెనుకటివారెవరో చించి పారవేసినందున వానకాలపు నీరంతయు నేరుగా స్పీకర్లమీదనే కారినదని తెలిసి, ఆ పొరను కూడ మరల అంటించినారు. ఏరియలును ఎత్తి దింపు మోటారులోని పండ్ల నైలాను త్రాడు తెగియుండగా అదియు మార్చినారు. బ్యాటరీ విప్పినపుడు స్టీరియో తన జ్ఞాపకమంతయు పోగొట్టుకొన్నది గనుక మొదటి మీటకు 837ను, రెండవదానికి 927ను నేనే నేర్పితిని.

మరునాడు ఉదయము బయలుదేరితిమి. మధ్యతరంగములు పగటిపూట నేలను అంటిపెట్టుకొని ప్రయాణించును. రాతినేలమీద త్వరగా నీరసించిపోవును, తడినేలమీద దూరము సాగును. 1852 నాటికి ఆనకట్ట ముగించిన కాటన్ దొర, రేడియో పుట్టక చాలకాలము ముందే, రేడియోకు కావలసిన తడిని కూడ ఈ డెల్టాలో పరచిపోయినాడు. ఆనకట్ట దగ్గరనుండి కడియము దారిలోనికి తిరుగునప్పటికి ఆకుపచ్చ అంకెలలో 837 నిలిచినది; భక్తిరంజని ముగిసి, 6 గంటల 55 నిమిషములకు సంస్కృతవార్తలు మొదలైనవి. ప్రతి పదమును, ప్రతి విసర్గయు తేటగా వినవచ్చినది. కాలువగట్టున పండ్లుతోముకొనుచున్న ఒక రైతు ఆ రెండు సీట్ల ఎఱ్ఱబండిని, అందుండి వెలువడు సంస్కృతమును కలిపి చూచి, ఏ దేశపువారో యనుకొనినట్లు ప్రక్కకు తొలగి నిలుచున్నాడు. వేరొకనాడు భీమవరమువైపు రొయ్యలచెరువుల గట్టుమీద పోయినప్పుడు మాత్రము ఏరియేటర్ల మోటార్లవలన కొంత గరగర వచ్చినది. చెరువు దాటగానే ఆగినది.

ఆ క్రొత్త అమెరికా పెట్టె సంగతి చెప్పుట మరచితిని. దానిని పెద్దాయన వెనుకవైపు తిప్పి చూడగా, గోరంతటి మీట యొకటి కనబడినది: ఒకవైపు పది, ఒకవైపు తొమ్మిది. కొలతను మార్చు మీట! బిగించిన కుర్రవాడు గాని, కొన్న మావాడు గాని, మొదట దాని ముఖమునే చూచి మురిసిన పెద్దాయన గాని, ఇన్ని లెక్కలు కట్టిన నేను గాని అంతవరకు వెనుకకు తిప్పి చూడలేదు. అప్పటికే పాతది తనచోట కూర్చున్నది. క్రొత్తదానిని ఆలమూరులోని మా పొలము ట్రాక్టరునకు బిగింపించినాము. మొన్న పొలమునకు పోయినపుడు ట్రాక్టరు నడుపు అబ్బాయిని, ఎట్లున్నదని అడిగితిని.

“ఆయ్, బ్రహ్మాండంగా పలుకుతాందండి” అన్నాడు. “ఇంజను గోలలో మాటలు మాత్రం వినపడవండి. వార్తలొచ్చినప్పుడు బండాపి వింటన్నానండి. దమ్ము కాస్త లేటవుతాందని అయ్యగారు కోప్పడుతున్నారండి.”